ప్రైవేటు స్కూలు ఫీజు మీద 20 శాతం వ్యాట్: స్టేట్ స్కూళ్లలో క్లాసులు నిజంగా నిండిపోతాయా?

ప్రశ్న క్లుప్తంగా: "ఇంగ్లండ్‌లో రెడింగ్ దగ్గర ఉంటున్నాం. బాబు ఇయర్ 5, పాప ఇయర్ 1. ఇద్దరూ ప్రైవేటు స్కూల్లోనే చదువుతున్నారు. ఫీజు మీద వ్యాట్ పడ్డాక ఇద్దరినీ అక్కడే ఉంచడం భారమైంది. ఫీజు లేని ప్రభుత్వ బడికి, అంటే స్టేట్ స్కూలుకి మారుద్దామంటే, అందరూ అటే మారుతున్నారు, క్లాసుకి 35 మంది అయిపోతారు అంటున్నారు. నిజమేనా? ఇండియాలో కూడా స్కూలు ఫీజు మీద జీఎస్టీ వేస్తే ఏమవుతుంది?"

క్లాసుకి 35 మంది అన్న మాట మీ పాప విషయంలో చట్టం ఒప్పుకోదు. మీ బాబు విషయంలో కొన్ని చోట్ల జరగొచ్చు గానీ, జరిగితే దానికి అసలు కారణం వ్యాట్ అయ్యే అవకాశం తక్కువ. ఈ పన్ను దేశం మొత్తం మీద క్లాసు సైజుని మార్చేంత పెద్దది కాదు. ఏ ఊళ్లో, ఏ తరగతిలో, ఏ నెలలో పిల్లలు మారుతున్నారు అన్నదాన్ని బట్టి మాత్రం ఒక్కో బడిని గట్టిగానే తాకుతుంది. దేశం లెక్కలు చూసి ధైర్యపడొద్దు, వాట్సాప్ మాటలు విని భయపడొద్దు. మీ వీధికి దగ్గరలో ఉన్న మూడు నాలుగు బడుల్లో ఆ తరగతికి ఎన్ని సీట్లున్నాయో చూడండి.

ముందు పన్ను సంగతి. 2025 జనవరి 1 నుంచి యూకే అంతటా ప్రైవేటు స్కూలు ఫీజు మీద 20 శాతం వ్యాట్ ఉంది. ముందే కట్టేసి తప్పించుకోకుండా, 2024 జులై 29న గానీ ఆ తర్వాత గానీ కట్టిన ఫీజు జనవరి తర్వాతి టర్ములకైతే దానికీ వర్తిస్తుందని అప్పుడే ప్రకటించారు. హాస్టల్ ఫీజుకీ వ్యాట్ ఉంది. బడి ఈడు రాని పిల్లల నర్సరీ క్లాసులకి లేదు, రిసెప్షన్ (ఇయర్ 1కి ముందు తరగతి) నుంచి పడుతుంది. మధ్యాహ్న భోజనం, స్కూలు బస్సు, పుస్తకాలు విడిగా బిల్లు చేస్తే వాటి మీద లేదు. అందుకే ఈ మధ్య ఫీజు బిల్లులో ఇవన్నీ వేర్వేరు వరుసల్లో కనిపిస్తున్నాయి. మీ బిల్లులో ఇంకా అంతా ఒకే మొత్తంగా వస్తుంటే అకౌంట్స్ వాళ్లని అడగండి, అడిగితే తేడా వచ్చే విషయం ఇది. దీనికి తోడు ఇంగ్లండ్‌లో ఛారిటీ హోదా ఉన్న ప్రైవేటు స్కూళ్లకి, భవనం మీద కట్టే స్థానిక పన్నైన బిజినెస్ రేట్స్‌లో దొరికే 80 శాతం రాయితీని 2025 ఏప్రిల్ నుంచి తీసేశారు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసమే నడిచే బడులకి మినహాయింపు ఉంచారు.

పన్ను 20 శాతం అయినంత మాత్రాన ఫీజు 20 శాతం పెరగాలని లేదు. ఇంతకుముందు స్కూలు తాను కొన్న వాటి మీద కట్టిన వ్యాట్ తిరిగి రాబట్టుకోలేకపోయేది, ఇప్పుడు రాబట్టుకోవచ్చు. కానీ స్కూలు ఖర్చులో సింహభాగం జీతాలు, జీతాల మీద వ్యాట్ ఉండదు. కరెంటు, మరమ్మతులు, కంప్యూటర్లు, ఫర్నిచర్ లాంటి వాటి మీద కట్టిందే వెనక్కి వస్తుంది. ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ అనే పరిశోధన సంస్థ 2023లో వేసిన లెక్క ప్రకారం, ఇదంతా పోను స్కూలు మీద నికరంగా పడే భారం సుమారు 15 శాతం. గత పదేళ్లలో పెద్ద భవనం కట్టుకున్న స్కూలైతే క్యాపిటల్ గూడ్స్ స్కీమ్ కింద ఆ కట్టుబడి వ్యాట్‌లోనూ కొంత, మిగిలిన ఏళ్లకి లెక్కగట్టి తీసుకోవచ్చు. కొత్త స్విమ్మింగ్ పూల్ ఉన్న పెద్ద స్కూలుకి ఇది కలిసొస్తుంది. పాత ఇంట్లో నడిచే చిన్న ప్రెప్ స్కూలుకి (చిన్న తరగతుల ప్రైవేటు బడికి) రాబట్టుకోవడానికి ఏమీ ఉండదు. సరిగ్గా అదే సమయంలో, 2025 ఏప్రిల్ నుంచి, ఉద్యోగుల జీతాల మీద యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 15 శాతానికి పెరిగింది. స్టేట్ స్కూళ్లకి దీనికోసం ప్రభుత్వం గ్రాంటు ఇచ్చింది, ప్రైవేటు వాళ్లకి లేదు. అలా మిగలాల్సిన ఆ అయిదు శాతం చాలా చోట్ల కరిగిపోయింది. ప్రైవేటు స్కూళ్ల సంఘమైన ఇండిపెండెంట్ స్కూల్స్ కౌన్సిల్ 2025 సెన్సస్‌లో డే స్కూలు (హాస్టల్ లేని చదువు) ఫీజు సగటున టర్ముకి 6,021 పౌండ్ల నుంచి వ్యాట్‌తో కలిపి 7,382 పౌండ్లకి చేరింది. అంటే 22.6 శాతం. వ్యాట్ తీసేసి చూస్తే అసలు ఫీజు పెరిగింది రెండు శాతం పైచిలుకే.

ఇక ఎంతమంది మారుతున్నారు? ఇంగ్లండ్‌లో ప్రైవేటు స్కూళ్లలో చదివేది నూటికి ఏడుగురి లోపే. ఈ పన్ను వల్ల దీర్ఘకాలంలో 37 వేల మంది ప్రైవేటుని వదిలేస్తారు లేదా అసలు చేరరు, వాళ్లలో 35 వేల మంది స్టేట్ స్కూళ్లకి వస్తారు అన్నది ప్రభుత్వ అంచనా. మొత్తం స్టేట్ స్కూలు పిల్లల్లో ఇది అర శాతం కూడా కాదు. 2025 జనవరి లెక్కల్లో ఇంగ్లండ్ ప్రైవేటు స్కూళ్లలో అంతకు ముందు ఏడాది కంటే దాదాపు 11 వేల మంది తగ్గారు. ఈ 11 వేలూ వ్యాట్ ఖాతాలోనే రాసేవాళ్లున్నారు. అది సరికాదు, ఎందుకంటే అదే ఏడాది అన్ని రకాల బడుల్లో కలిపి పిల్లలు దాదాపు 60 వేలు తగ్గారు. అసలు పిల్లలే తక్కువ పుడుతున్నారు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2012లో 7.3 లక్షల మంది పుడితే 2023లో 5.9 లక్షలే పుట్టారు.

క్లాసు సైజు గురించి మాట్లాడేటప్పుడు ఈ జననాల లెక్క పక్కన వ్యాట్ చాలా చిన్నది. 2012లో పుట్టిన ఆ పెద్ద బ్యాచ్ ఇప్పుడు సెకండరీలో ఉంది. వాళ్ల వెనక వచ్చేవి చిన్న బ్యాచ్‌లు. అందుకే లండన్‌లో హాక్నీ, ల్యాంబెత్, సదర్క్, క్యామ్‌డెన్ లాంటి చోట్ల ప్రైమరీ స్కూళ్లు పిల్లలు లేక మూతపడ్డాయి, కొన్నిటిని పక్క బడితో కలిపేశారు. అదే సమయంలో కొన్ని ఊళ్లలో సెకండరీ సీటు కోసం కొట్టుకుంటున్నారు. ఒకే నగరంలో రెండూ జరుగుతున్నాయి.

ఒక బడిని దగ్గరగా చూద్దాం. రెండు సెక్షన్ల ప్రైమరీ, ఇయర్ 1లో 58 మంది ఉన్నారనుకోండి, 29 చొప్పున. బాగా కలిగినవాళ్ల ప్రాంతం కాబట్టి ఆ బడికి పేదరికం పద్దు కింద అదనంగా ఏమీ రాదు, తలకి ఇంత అని ఇచ్చే కనీస మొత్తమే వస్తుంది. 2025-26కి అది ప్రైమరీలో 4,955 పౌండ్లు. ప్రైవేటు నుంచి ఇద్దరు పిల్లలు వచ్చి చేరితే 60 అవుతారు, బడికి దాదాపు 9,900 పౌండ్లు అదనం. టీచరు కొత్తగా అక్కర్లేదు, గది అక్కర్లేదు. పుస్తకాలు, మరో రెండు కుర్చీలు, అంతే. ఇలాంటి బడికి మీ పాప బరువు కాదు, వరం. క్లాసులో 22 మందే ఉన్న బడికైతే ఇంకా ఎక్కువ. 28 ఉండాల్సిన చోట 22 ఉంటే ఏడాదికి దాదాపు 30 వేల పౌండ్లు తగ్గినట్టు, టీచరు జీతం మాత్రం అంతే. అప్పుడు హెడ్ ముందుగా తీసేసేది టీచింగ్ అసిస్టెంట్లని. అదీ చాలకపోతే ఇయర్ 3, ఇయర్ 4 కలిపి ఒకే క్లాసు చేస్తారు. క్లాసులో పిల్లలు తక్కువ ఉంటే మంచి బడి అని మన వాళ్లు అనుకుంటారు. తలసరి డబ్బుతో నడిచే బడిలో ఖాళీ కుర్చీ అంటే రేపు పోయే ఉద్యోగం. దీన్ని తల్లిదండ్రులు తప్పకుండా తెలుసుకోవాలి.

ఇప్పుడు 61వ బిడ్డ వచ్చింది. రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2 క్లాసుల్లో ఒక టీచరుకి 30 మందికి మించకూడదు, ఇది చట్టం. కవలల్లో ఒకరికి సీటొచ్చి రెండో వాళ్లు మిగిలిపోవడం, సైనికుల పిల్లలు, స్థానిక ప్రభుత్వమైన కౌన్సిల్ సంరక్షణలో ఉన్న పిల్లలు లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. 61వ బిడ్డని తీసుకుంటే మూడో టీచరు కావాలి. లండన్ బయట కొత్త టీచరు జీతం 2025 సెప్టెంబర్ నుంచి 32,916 పౌండ్లు. దాని మీద పెన్షన్‌కి బడి కట్టేది 28.68 శాతం, నేషనల్ ఇన్సూరెన్స్ కలిపితే దాదాపు 46,500 అవుతుంది. ఆ బిడ్డతో వచ్చేది 4,955. కనీసం తొమ్మిది పది మంది ఒకేసారి వస్తేనే గిట్టుబాటు. కాబట్టి బడి లేదంటుంది, అప్పీలు చేసినా ఇన్‌ఫాంట్ క్లాసుల్లో (ఈ మూడు తరగతుల్లో) గెలవడం చాలా కష్టం. నిబంధనలు తప్పుగా అమలు చేశారనో, ఏ బుద్ధున్న అధికారీ అలాంటి నిర్ణయం తీసుకోడనో నిరూపించాలి. "మా ఇంటికి దగ్గర, మా పాపకి అక్కడ స్నేహితులున్నారు" అంటే చెల్లదు.

ఇయర్ 3 నుంచి ఈ పరిమితి లేదు. 31, 32, కొన్ని చోట్ల 33 కనిపించేది అక్కడే. అప్పీలు ప్యానెల్ అక్కడ బడికి కలిగే ఇబ్బందినీ బిడ్డకి కలిగే నష్టాన్నీ తూకం వేస్తుంది, కాబట్టి గెలిచే వీలుంది. ప్రకటించిన సీట్ల సంఖ్య ఉంటుంది కదా, అది చేరే ఏడాదికే వర్తిస్తుంది. పై తరగతుల్లో ఆ సంఖ్య నిండిందని మాత్రమే చెప్పి పంపించేయకూడదు, ఇంకొకర్ని తీసుకుంటే నష్టమేమిటో చూపించాలి. ఇంగ్లండ్‌లో 2024లో సగటు క్లాసు ప్రైమరీలో 26.6, సెకండరీలో 22.4. సెకండరీ సగటు చూసి మోసపోవద్దు. పదహారేళ్లకి రాసే పరీక్షలైన జీసీఎస్ఈలో ఫ్రెంచ్, మ్యూజిక్ లాంటి వాటికి 12 మందే ఉంటారు, మ్యాథ్స్, సైన్స్‌లో 30 దాకా ఉంటారు, రెండూ కలిపితే 22.

సెకండరీలో అసలు ఇబ్బంది కుర్చీల దగ్గర రాదు, ల్యాబుల దగ్గర, ఫిజిక్స్ టీచర్ల దగ్గర, ఆప్షన్ల టైమ్‌టేబుల్ దగ్గర వస్తుంది. ఇయర్ 10 మధ్యలో వచ్చిన పిల్లాడికి హిస్టరీ ఖాళీ ఉండొచ్చు, కంప్యూటర్ సైన్స్ గ్రూపు నిండిపోయి ఉండొచ్చు. పైగా చాలా ప్రైవేటు స్కూళ్లు ఐజీసీఎస్ఈ (జీసీఎస్ఈకి అంతర్జాతీయ రూపం) చెబుతాయి, స్టేట్ స్కూళ్లు జీసీఎస్ఈ చెబుతాయి. ఇంగ్లిష్ లిటరేచర్‌లో పుస్తకాలే వేరు. ఇయర్ 10, 11లో ఉన్న పిల్లల్ని డబ్బు కోసం మధ్యలో మార్చకండి. అప్పు చేసైనా ఆ పరీక్షలు అయ్యాక ఇయర్ 12కి మార్చడం మేలు.

డబ్బు ఎప్పుడు వస్తుందన్నది ఎవరూ పట్టించుకోని విషయం. బడికి ఏటా అక్టోబర్ మొదటి గురువారం నాటి పిల్లల లెక్క మీద నిధులు వస్తాయి. కౌన్సిల్ నడిపే బడికి ఆ లెక్క తర్వాతి ఏప్రిల్ నుంచి, అకాడమీకి (కౌన్సిల్ కింద లేని స్టేట్ బడికి) తర్వాతి సెప్టెంబర్ నుంచి అమలవుతుంది. 2025 జనవరిలో చేరిన బిడ్డ లెక్కలోకి వచ్చేది 2025 అక్టోబర్‌లో. డబ్బు వచ్చేది 2026 ఏప్రిల్‌లో, అకాడమీ అయితే 2026 సెప్టెంబర్‌లో. అంటే పదిహేను నుంచి ఇరవై నెలలు ఆ బడి ఆ బిడ్డని తన పాత డబ్బుతోనే చదివిస్తుంది. సెప్టెంబర్‌లో చేరితే ఇదే ఏడు నెలలు, పన్నెండు నెలలు అవుతుంది. ఈ పన్నుని విద్యా సంవత్సరం మధ్యలో, జనవరిలో మొదలుపెట్టడం తప్పని నా గట్టి అభిప్రాయం. సెప్టెంబర్‌లో మొదలుపెట్టి ఉంటే పిల్లలకీ బడులకీ ఇద్దరికీ తేలికయ్యేది.

ఇంకా పెద్ద బాధ ప్రత్యేక అవసరాలున్న పిల్లల విషయంలో. కౌన్సిలే ఈహెచ్‌సీపీ అనే (ఆ బిడ్డకి ఏ సాయం కావాలో రాసే) చట్టబద్ధ ప్రణాళికలో ఫలానా ప్రైవేటు స్కూలు అని రాసి పంపితే, ఆ వ్యాట్‌ని కౌన్సిల్ వెనక్కి తీసుకుంటుంది, తల్లిదండ్రుల మీద పడదు. కానీ డిస్లెక్సియా, ఆందోళన, ఓ మోస్తరు ఆటిజం ఉండి, ఆ ప్రణాళిక లేకుండా, చిన్న క్లాసు కోసం సొంత డబ్బుతో ప్రైవేటులో చదివించుకుంటున్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. 12 మంది క్లాసులో నెట్టుకొచ్చిన పిల్లాడు 30 మంది క్లాసులో తట్టుకోలేకపోవచ్చు. స్టేట్ స్కూలుకి వస్తే అతని అదనపు సాయంలో మొదటి 6,000 పౌండ్ల వరకు బడి తన బడ్జెట్‌లోనే చూసుకోవాలి. ప్రణాళిక కోసం దరఖాస్తు పెడితే చట్టం ప్రకారం 20 వారాల్లో తేలాలి, సగం కేసుల్లో ఆ గడువు దాటిపోతోంది. ఈ ఒక్క పిల్లాడి వల్ల ఆ క్లాసు మీద పడే బరువు నలుగురు మామూలు పిల్లల కంటే ఎక్కువ. దేశం సగటు లెక్కల్లో ఇది కనిపించదు. ఈ కారణంతో కూడా కొన్ని కుటుంబాలు కోర్టుకి వెళ్లాయి, 2025 జూన్‌లో హైకోర్టు ఆ కేసులు కొట్టేసింది. చట్టపరంగా తీర్పు ఏదైనా, ఈ పిల్లలకి కొన్నేళ్లయినా మినహాయింపు ఇచ్చి ఉండాల్సింది.

స్థానికంగా దెబ్బ గట్టిగా తగిలేది రెండు చోట్ల. ఒకటి, ప్రైవేటులో చదివేవాళ్లు ఎక్కువగా ఉన్న చోట్లు: ఎడిన్‌బరా, బ్రిస్టల్, బాత్, ఆక్స్‌ఫర్డ్, సర్రీ, పశ్చిమ లండన్. ఎడిన్‌బరాలో ప్రైవేటు వాటా స్కాట్లాండ్ సగటుకి కొన్ని రెట్లు. పైగా స్కాట్లాండ్‌లో పీ1 (అక్కడి ప్రైమరీ మొదటి తరగతి) పరిమితి 25 మందే, క్యాచ్‌మెంట్ బడి (ఇంటి ప్రాంతానికి కేటాయించిన బడి) నిండితే పిల్లల్ని దూరం పంపాల్సి వస్తుంది. రెండోది, ఒక చిన్న ప్రైవేటు స్కూలు హఠాత్తుగా మూతపడటం. దేశం మొత్తం మీద 35 వేల మంది అయిదేళ్లలో మారితే ఎవరికీ తెలియదు. ఒక చిన్న ఊళ్లో 150 మంది ఒకే నెలలో వీధిన పడితే అక్కడి కౌన్సిల్ అడ్మిషన్ల విభాగం ఊపిరాడక కొట్టుకుంటుంది. మీ ప్రైవేటు స్కూల్లో రిసెప్షన్‌కి పిల్లలు బాగా తగ్గి ఉంటే, ఛారిటీ కమిషన్ వెబ్‌సైట్‌లో ఆ స్కూలు ట్రస్టు వార్షిక లెక్కలు ఉచితంగా చూడొచ్చు. రెండు మూడేళ్లుగా లోటు నడుస్తోందా, చేతిలో నిల్వ ఎంత, ఈ రెండూ చూస్తే చాలు.

ఈ పన్ను నష్టమే తెస్తుంది అనేవాళ్ల వాదన ఒకసారి లెక్కగట్టి చూడండి. ఏడాదికి 18 వేల ఫీజు కట్టే బిడ్డ నుంచి ఖజానాకి నికరంగా 15 శాతం అనుకుంటే 2,700 పౌండ్లు. అదే బిడ్డ స్టేట్ స్కూలుకి వస్తే ఖర్చు సుమారు 8,000. ఉన్నవాళ్ల నుంచి వచ్చేది, వెళ్లిపోయిన వాళ్ల మీద పెట్టేది సమానం కావాలంటే నూటికి పాతికమంది ప్రైవేటు వదిలేయాలి. ప్రభుత్వ అంచనా ఆరుగురు. 2003 నుంచి ఫీజులు ధరల పెరుగుదల తీసేసి చూసినా సగానికి పైగా పెరిగాయి. అయినా ప్రైవేటు వాటా అదే ఆరేడు శాతం దగ్గర నిలబడింది. అంటే కట్టేవాళ్లలో ఎక్కువమంది కడుతూనే ఉంటారు. జీతం మీద బతుకుతూ, ఒక్కో టర్ము కూడగట్టుకుని కట్టే మనలాంటి కుటుంబాలే ముందు తప్పుకునేది.

ఆ వచ్చే డబ్బుతో స్టేట్ స్కూళ్లు మారిపోతాయి అనే మాటా అంతే పెద్దది చేసి చెప్పింది. వ్యాట్, బిజినెస్ రేట్స్ మార్పు రెండూ కలిపి 2029-30కి ఏడాదికి 180 కోట్ల పౌండ్లు వస్తాయని అంచనా. ఇంగ్లండ్ బడుల బడ్జెట్ ఇప్పటికే 6,400 కోట్ల పౌండ్ల దరిదాపుల్లో ఉంది, దాని ముందు ఇది మూడు శాతం కూడా కాదు. పైగా అది సాధారణ ఖజానాలోకే పోతుంది, బడులకే వాడాలని చట్టంలో ఎక్కడా లేదు. దీనితో ముడిపెట్టి చెప్పిన 6,500 మంది కొత్త టీచర్లు సెకండరీకి, ప్రత్యేక బడులకి, కాలేజీలకి ఉద్దేశించినవాళ్లు, మామూలు ప్రైమరీకి కాదు. ఇంగ్లండ్ స్టేట్ స్కూళ్లలో 4.68 లక్షల మంది టీచర్లున్నారు. 6,500 అంటే అందులో 1.4 శాతం. అందరూ క్లాసులోకే వచ్చినా సగటు క్లాసులో తగ్గేది అర బిడ్డ కూడా కాదు. క్లాసుకి ఒక్క బిడ్డని తగ్గించాలంటే 18 వేల మందికి పైగా టీచర్లు కావాలి. ఇంకో పక్క, కొత్తగా వచ్చే 35 వేల మందికి ఇప్పటి నిష్పత్తి ప్రకారం రెండు వేల మంది టీచర్లు సరిపోతారు. కాబట్టి చెప్పిన టీచర్లు నిజంగా వస్తే ఈ వలసని మోయడం కష్టం కాదు. రావడం, వచ్చాక నిలబడటం, అదే సమస్య. ఏటా పది మందిలో ఒకరు టీచరు ఉద్యోగం వదిలేస్తున్న దేశం ఇది.

ఇలాంటి పన్ను ఇదే మొదటిది కాదు. న్యూజిలాండ్‌లో ప్రైవేటు స్కూలు ఫీజు మీద 15 శాతం జీఎస్టీ చాలాకాలంగా ఉంది, అక్కడ అది మామూలు విషయం. గ్రీస్ 2015లో అప్పుల ఒప్పందంలో భాగంగా 23 శాతం వేసి, కొన్ని నెలలకే వెనక్కి తీసుకుంది.

ఇండియా సంగతి అడిగారు. మన దగ్గర ప్రీ స్కూలు నుంచి పన్నెండో తరగతి దాకా చదువు మీద జీఎస్టీ లేదు, ప్రైవేటు కోచింగ్ మీద 18 శాతం ఉంది. ఇక్కడి లెక్కని యథాతథంగా అక్కడ పెట్టకూడదు. ఇంగ్లండ్‌లో నూరుమంది పిల్లల్లో ఏడుగురు ప్రైవేటు. వాళ్లలో ఆరు శాతం మారితే స్టేట్ స్కూళ్లలో 93 కాస్తా 93.4 అవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో దాదాపు సగం మంది ప్రైవేటు. అదే ఆరు శాతం మారితే ప్రభుత్వ బడిలో 50 మంది 53 అవుతారు, ఆరు శాతం పెరుగుదల, ఇంగ్లండ్ కంటే పదమూడు రెట్లు. ఆ వచ్చేవాళ్లు పన్నెండు మంది పిల్లలతో నడిచే ఊరి బడికైతే మేలే. కానీ పన్ను తగిలేది ఎక్కువగా పట్నం బడ్జెట్ స్కూళ్లకి. కాబట్టి వచ్చేది మండల కేంద్రంలోని హైస్కూలుకి, అప్పటికే గదులు చాలని చోటుకి. కరోనా రెండేళ్లలో ఫీజు కట్టలేక పిల్లలు ప్రభుత్వ బడులకి వచ్చినప్పుడు ఇది చూశాం. పిల్లలు జూన్‌లో వచ్చేస్తారు, టీచర్ల సర్దుబాటు నెలల తరబడి నడుస్తుంది. పరిస్థితి కుదుటపడగానే చాలామంది తిరిగి ప్రైవేటుకి వెళ్లిపోయారు.

ఇక మీరు చేయాల్సింది. ముందు ఒక పొరపాటు గురించి హెచ్చరిస్తాను: స్టేట్ సీటు చేతికి రాకముందే ప్రైవేటు స్కూలుకి నోటీసు ఇచ్చేయడం. అలాగని ఆలస్యం చేసినా దెబ్బే, ఎందుకంటే చాలా స్కూళ్లు ఒక పూర్తి టర్ము ముందు నోటీసు ఇవ్వాలంటాయి, లేకపోతే ఆ టర్ము ఫీజు కట్టాలి. మీ ఒప్పందంలో ఆ గడువు తేదీ ఏదో ఇవాళే చూడండి. సెప్టెంబర్‌లో మార్చాలంటే సాధారణంగా వేసవి టర్ము మొదటి రోజుకల్లా నోటీసు వాళ్ల చేతిలో ఉండాలి.

పాప కోసం మీ కౌన్సిల్‌లో ఇన్-ఇయర్ (మధ్యలో చేరే) అడ్మిషన్ దరఖాస్తు పెట్టండి, కొన్ని చోట్ల నేరుగా బడికే పెట్టాలి. దరఖాస్తు అందిన 15 బడి రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి. ఇయర్ 1లో ఇప్పుడు దొరక్కపోతే దిగులుపడకండి, ఇయర్ 3కి పరిమితి ఎత్తేస్తారు, అప్పుడు కొన్ని చోట్ల సీట్లు తెరుచుకుంటాయి. విడిగా జూనియర్ స్కూలు (ఇయర్ 3 నుంచి 6 దాకా) ఉన్న చోట ఇయర్ 3కి మళ్లీ అడ్మిషన్లు జరుగుతాయి. వెయిటింగ్ లిస్టులో పేరు ఉంచండి, కానీ అది ముందు వచ్చినవాళ్లకి ముందు అనే పద్ధతి కాదు. దూరం, తోబుట్టువులు లాంటి ప్రమాణాల మీద నడుస్తుంది, కాబట్టి మీ స్థానం వెనక్కి కూడా పోవచ్చు. మీ వీసా డిపెండెంట్ వీసా అయినా ఇబ్బంది లేదు, స్టేట్ స్కూలు చదువు "పబ్లిక్ ఫండ్స్" కిందికి రాదు.

బాబుని ఇప్పుడు కదపకండి. ఇయర్ 7 అందరూ మారే ఏడాది, సీట్లన్నీ అప్పుడే పంచుతారు. ఇయర్ 6 మొదలయ్యాక అక్టోబర్ 31లోగా దరఖాస్తు, మార్చి 1న ఫలితం. ప్రైవేటులో చదివినందుకు పాయింట్లు తగ్గవు, పెరగవు. అయితే కొన్ని సెకండరీలు ఫలానా ప్రైమరీల పిల్లలకి ముందు అని ఫీడర్ నియమం పెట్టుకుంటాయి, మీకు ఆ వరుస దొరకదు. ఆ నియమం ఉన్న బడిని మొదటి ఆశగా పెట్టుకోవద్దు. రెడింగ్ స్కూల్ లాంటి గ్రామర్ స్కూలు (పరీక్ష పెట్టి తీసుకునే స్టేట్ సెకండరీ) అనుకుంటుంటే, పరీక్ష ఇయర్ 6 మొదట్లో ఉంటుంది, పేరు నమోదు దానికి ముందే ముగుస్తుంది, అంటే ఇయర్ 5 పూర్తయ్యేలోపు. ప్రైవేటు సెకండరీకి వెళ్లాల్సినవాళ్లు కొందరు ఇప్పుడు గ్రామర్ వైపు చూస్తున్నారు. ఇంగ్లండ్ అంతా కలిపి ఆ బడులు 163 మాత్రమే కాబట్టి, పోటీ నిజంగా పెరిగేది అక్కడే. ప్రవేశ పరీక్ష లేని మామూలు కాంప్రహెన్సివ్‌లో ఆరు ప్రాధాన్యాలు అడిగితే ఆరూ నింపండి, కనీసం ఒకటి గత మూడేళ్లలో మీ ఇంటి దూరానికి సీటు ఇచ్చిన బడి అయి ఉండాలి. ఆ దూరాలు కౌన్సిల్ ఏటా వేసే అడ్మిషన్ పుస్తకంలో గజం తేడా లేకుండా ఉంటాయి.

బడి చూడటానికి వెళ్లినప్పుడు ఆఫీసులో మూడు సంగతులు అడగండి: ఆ తరగతికి ప్రకటించిన సీట్లెన్ని, గత అక్టోబర్ సెన్సస్ రోజున పిల్లలెంతమంది, వచ్చే ఏడాది ఆ తరగతిని ఎన్ని సెక్షన్లుగా నడుపుతారు. మూడోదానికి జవాబు "ఇంకా తేల్చుకోలేదు" అయితే, మీ దరఖాస్తు అక్టోబర్ లెక్కకి ముందే వాళ్ల చేతికి చేరేలా చూడండి.